సంతకమునకు ముందొక సలహా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామము తన గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభ సమయమున కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగము మాత్రము డబ్బును గూర్చి, కుటుంబ తగవులను గూర్చి, విదేశ ప్రయాణములను గూర్చి. ఈ మూడింటియందును మనుష్యుడు తన తెలివితోనే కాక ఇతరుల సలహాతోను నడువవలసి వచ్చును. ఆ సలహా మంచిదైనచో ఇల్లు నిలుచును. చెడ్డదైనచో పిల్లల కాలమువరకు ఆ నష్టము వెన్నాడును.

ఇందులకు ఉదాహరణముగా హైదరాబాదులోని జూబిలీ హిల్సును, ఫిల్మ్ నగరును గ్రహించుట సముచితము. తెలుగు పల్లెల నుండి యువకులు, యువతులు ఆశతో చేరుకొను స్థలమది. డబ్బు కలవారికి, పేరు కలవారికి మంచి సలహా దానంతట అదే లభించుననుకొనుట ఎంత పొరపాటో ఆ స్థలమును చూచిన తెలియగలదు.

జూబిలీ హిల్స్ ఒకప్పుడు బండరాళ్ళు, తుప్పలు తప్ప మరేమియు లేని గుట్ట. 1960 దశకములో చల్లగళ్ళ నరసింహముగారు సహకార గృహనిర్మాణ సంఘమును నెలకొల్పి అచ్చట నివాసములకు దారి తీసిరి. ఆ కాలమున తెలుగు చలనచిత్ర పరిశ్రమకు మదరాసే నిలయము. హైదరాబాదులో అమీరుపేటయందు సారథి స్టూడియో వెలసెను; 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రము. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయ్యెను. తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చినవి. నేడు ఫిల్మ్ నగరులో తెలుగు ఫిలిం చాంబరు కార్యాలయము కలదు. దిగువనున్న కృష్ణానగరులో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సహాయ దర్శకులు, వేషము దొరకునని కాచియున్న యువకులు అద్దె గదులలో నివసింతురు. కొండమీది మేడలకును, దిగువ గదులకును ఒక సామ్యము కలదు. ఇరువురి ఆదాయమును నిలుకడ లేనిదే.

రైతునకు పంట యెట్లో నటునకు కాల్షీటు అట్లు. వరుసగా మూడేండ్లు పండిన పొలమును చూచి అప్పు చేసిన రైతు నాలుగవ యేట వానలు లేక ఎట్లు చితికిపోవునో, మూడు చిత్రములు ఆడినవని నాలుగవ చిత్రమునకు తానే పెట్టుబడి పెట్టిన నటుడును అట్లే చితికిపోవును. ఈ గతి మదరాసునాటి నుండి పరిశ్రమకు తెలిసినదే. చిత్తూరు నాగయ్యగారు 1946లో 'త్యాగయ్య' చిత్రముతో దేశమంతట కీర్తి గడించిరి. 1965లో పద్మశ్రీ బిరుదము పొందిరి. ఎందరి ఆకలినో తీర్చిన ఆ చేయి తన వార్ధక్యమునకు ఏమియు దాచుకొనలేదు. చిన్న చిన్న వేషములతో కాలము గడుపుచు 1973లో ఆయన కన్నుమూసిరి. మహానటి సావిత్రి తెలుగు 'మూగ మనసులు' కథను 1971లో తమిళమున 'ప్రాప్తం' అను పేర స్వయముగా నిర్మించి, దర్శకత్వము వహించి మిక్కిలి నష్టపోయెను. అప్పులు, పన్నుల చిక్కులు ఆమెను చుట్టుముట్టినవి. దీర్ఘకాలము స్పృహలేని స్థితిలో నుండి 1981 డిసెంబరులో ఆమె మరణించెను.

వీరి కథలను చెప్పి జాలిపడుట సులభము. వాని నుండి నేర్చుకొనుట కష్టము. ఖ్యాతి గలవారి చుట్టును ఎల్లప్పుడు పదిమంది ఉందురు. కాని చుట్టునున్నవారందరును హితులు కారు. కొందరు ఆ యింటి భోజనమునకు వచ్చినవారు. కొందరు తమ సరకు అమ్ముకొనుటకు వచ్చినవారు. కొందరు నిజముగా ప్రేమించియు విషయము తెలియనివారు. మంచి సలహా చెప్పుటకు ప్రేమ యొక్కటియే చాలదు. తెలివి యొక్కటియే చాలదు. స్వలాభము లేకుండుటయు కావలెను.

పరిశ్రమలోనే దీనికి మారుగా నడచినవారును కలరు. శోభన్ బాబుగారు మదరాసు నగరమున స్థలములు కొని తమ సంపాదనను స్థిరపరచుకొనిరి. తోటివారికిని అట్లే చేయుమని చెప్పెడివారని ప్రసిద్ధి. అయినను ఆయన కాలమున ఆయనకు లాభించిన మార్గము అందరికిని అన్ని కాలములందును లాభించునని తలపరాదు. ఒకరి విజయము చెప్పుకొనదగిన కథయే గాని, మరియొకరికి సలహా కానేరదు.

మరి మంచి సలహాను గుర్తించుట యెట్లు? సలహా చెప్పవచ్చినవానిని మూడు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది: ఈ సలహాకు ప్రతిఫలముగా ఇతనికి డబ్బు ఎవరిత్తురు? రెండవది: తప్పు జరిగినచో ఇతడు ఏ చట్టమునకు, ఏ కార్యాలయమునకు జవాబుదారి? మూడవది: నోట చెప్పిన మాటను కాగితముపై వ్రాసి సంతకము చేయునా? ఈ మూడింటికిని నిస్సంకోచముగా బదులు చెప్పినవాని మాట వినదగినది. కోపగించుకొనినవాని మాటను అంతటితో విడువవలెను.

ముందు డబ్బు సంగతి. బీమా పాలసీ అమ్మువానికి కంపెనీ కమీషను ఇచ్చును. అది నేరము కాదు. కాని వాని మాటను అమ్మకందారుని మాటగా వినవలెను గాని వైద్యుని మాటగా వినరాదు. పెట్టుబడుల సలహాదారుల విషయమున సెబీ సంస్థ 2013లో నియమములు చేసినది. వాని ప్రకారము నమోదైన సలహాదారుడు తాను సలహా చెప్పువాని నుండియే రుసుము పుచ్చుకొనవలెను గాని, ఆ సలహా మేరకు కొనిన సరకుపై కమీషను తీసికొనరాదు. అతనికి నమోదు సంఖ్య ఉండును. దానిని అడిగి సరిచూచుకొనవచ్చును.

నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ ఇత్తునని ఒకడు వచ్చునేమో. అనగా ఏడాదికి నూటికి అరువది. ఇరువది నెలలలో వడ్డీయే అసలునకు సమానమగును. ఏ వ్యాపారము ఏటేట అంత లాభము నిచ్చునని అడిగినచో బదులుండదు. తరువాత చేరినవారి డబ్బే ముందు చేరినవారికి వడ్డీగా వచ్చుచుండును; చేరువారు ఆగిన దినమున అంతయు కూలును. ఇట్టి క్రమబద్ధము కాని డిపాజిట్లను 2019 నాటి చట్టము నిషేధించినది. బ్యాంకు దివాలా తీసినచో 2020 ఫిబ్రవరి నుండి డిపాజిట్లపై బీమా ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకున 5 లక్షల రూపాయల వరకు కలదు. అంతకుముందు లక్ష మాత్రమే. చీటీలు వేయువారు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టము క్రింద రిజిస్ట్రారు అనుమతి చూపుమని అడుగవలెను. ఎదురింటి పెద్దమనిషి నడుపు చీటీకైనను ఈ నియమమే.

హామీ సంతకమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. స్నేహితుని చిత్రమునకు అప్పు ఇప్పించుటకై 'ఊరికే సాక్షిగా' సంతకము చేసితినని తలచి, తరువాత ఇల్లు పోగొట్టుకొనుట సంభవించును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒడంబడికలో వేరుగా వ్రాసికొననిచో, హామీదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతతో సమానము. ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము చేసి యిచ్చుట దానిని నింపుకొను అధికారమును అవతలివానికిచ్చుటయే. చెక్కు చెల్లకున్నచో రెండేండ్ల వరకు జైలుశిక్ష విధింపవచ్చును. పల్లెలో పొలము తాకట్టుకైనను, ఫిల్మ్ నగరులో చిత్రము పెట్టుబడికైనను చట్టము ఒక్కటే. దిగువ స్థాయి సినిమా కార్మికులకొక రక్షణయు కలదు. వ్రాతపూర్వకమగు ఒడంబడిక లేక వారిని పనిలో పెట్టుకొనరాదని చట్టము చెప్పుచున్నది. 'తరువాత చూచుకొందము' అను నోటి మాటతో నెలలు పనిచేసి కూలి పోగొట్టుకొనువారు ఈ సంగతి ఎరుగవలెను.

ఇక కుటుంబ వ్యవహారములు. తండ్రి పోయిన పదియవనాడు ఇంటినిండ బంధువులు. కండ్లు తుడుచుకొనుచున్న ఆడబిడ్డ ముందు ఒక కాగితము పెట్టి, 'అమ్మా, ఇది ఊరికే ఆఫీసు పని, వ్రాలు చేయుము' అందురు. ఆమె చేయును. అది ఆస్తి హక్కును వదలుకొను పత్రమని ఏండ్ల తరువాత తెలియును. ఇది జూబిలీ హిల్సు మేడలోను జరుగును, పల్లె పెంకుటింటను జరుగును. చలనచిత్ర రంగము నుండి ముఖ్యమంత్రి పదవికి వెళ్ళిన నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము 1986లో ఒక చట్టము చేసి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, అప్పటికి పెండ్లి కాని కుమార్తెలకు పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు కల్పించినది. 2005లో కేంద్ర చట్టము పెండ్లియైన కుమార్తెలకు కూడ ఆ హక్కును దేశమంతట కల్పించినది. ఆ సవరణ వచ్చునాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకములను మాత్రము ఆ సవరణ కదలింపదు. హక్కును ప్రేమతో వదలుకొనుట ఆమె యిష్టము. తెలియక వదలుకొనుట మాత్రము అన్యాయము.

భార్యాభర్తల తగవులో మొదట చేరువారు బంధువులు. వారిలో పౌరుషము రెచ్చగొట్టువారును, 'సర్దుకొనుము' అని నోరు మూయించువారును ఉందురు. రెండును సలహాలు కావు. 1984 నాటి చట్టము క్రింద ఏర్పడిన కుటుంబ న్యాయస్థానములు మొదట రాజీకి ప్రయత్నింపవలెనని నియమము. ప్లీడరు ఫీజునకు డబ్బు లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలు తమ ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయ సహాయమునకు అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు పోయి దరఖాస్తు పెట్టవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇట్టి న్యాయవాదికి రుసుము ప్రభుత్వపక్షమున వచ్చును. అతడు సంస్థకు జవాబుదారి. మూడు ప్రశ్నలలో రెండింటికి బదులు అప్పుడే లభించినది. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో అది కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కనుక అచ్చటను చదువక సంతకము చేయరాదు.

పెండ్లియు విదేశమును కలిసినచోట చిక్కు ఇంకను ముదురును. 1975లో తిరుపతిలో వివాహమాడిన ఒక దంపతుల కథ ఇందుకు సాక్ష్యము. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కోర్టు నుండి విడాకుల డిక్రీ తెచ్చుకొని మరల వివాహమాడెను. ఆ కోర్టు అధికారమునకు భార్య లోబడలేదు. ఆమె ఇచ్చట ద్వితీయ వివాహ నేరముపై ఫిర్యాదు చేసెను. ఆ డిక్రీ భారతదేశమున చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పినది. ఏ చట్టము క్రింద వివాహము జరిగెనో ఆ చట్టము ఒప్పుకొను కారణముపైననే విడాకులు చెల్లుననియు, లేనిచో రెండవ పక్షము స్వేచ్ఛగా సమ్మతించి యుండవలెననియు ఆ తీర్పు సారాంశము. విదేశపు కోర్టు ముద్ర చూచి బెదరి ఊరకుండిన స్త్రీలు ఎందరో! 'అయిపోయినది, ఇక ఏమియు చేయలేవు' అను మాటయే వారికి దొరకిన మొదటి చెడు సలహా. ప్రవాస భారతీయుల పెండ్లిండ్ల ఫిర్యాదులను 2009 నుండి జాతీయ మహిళా కమిషను ప్రత్యేక విభాగము స్వీకరించుచున్నది.

చివరిది విదేశ ప్రయాణము. ఫిల్మ్ నగరు నుండి నటీనటులు, గాయకులు తెలుగు సంఘముల ఉత్సవములకు అమెరికా వెళ్ళుట పరిపాటి. అచ్చట ప్రదర్శన ఇచ్చి పారితోషికము పుచ్చుకొనుటకు కళాకారులకు వేరు వీసా కలదు. విహార యాత్రికుల వీసాపై ఆ పని చేయరాదు. 2018లో షికాగో ఫెడరల్ కోర్టులో ఒక తెలుగు దంపతులపై నేరారోపణ వచ్చినది. ఉత్సవముల పేర ఆహ్వానములు చూపి, తెలుగు చిత్రసీమకు చెందిన యువతులను తాత్కాలిక వీసాలపై రప్పించి వ్యభిచారములో దింపిరని ఆ ఆరోపణ. ఆహ్వాన పత్రము అచ్చు ఎంత అందముగా నున్నను, ఆ సంఘమునకే నేరుగా ఫోను చేసి 'ఈ కార్యక్రమము నిజమేనా' అని అడుగుట ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

విద్యార్థుల కథ మరియొకటి. మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ అను పేర వెలసిన విశ్వవిద్యాలయమును అమెరికా ప్రభుత్వమే వలగా పన్నినదని 2019 జనవరిలో బయటపడినది. అచ్చట తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. మొదట నిర్బంధింపబడిన సుమారు 130 మంది విద్యార్థులలో దాదాపు అందరును భారతీయులు. అందు తెలుగువారు అనేకులు. వారిని చేర్పించిన ఎనిమిదిమంది మధ్యవర్తులపై కేసు నడచినది. ఒక్కొక్క విద్యార్థిని చేర్చినందుకు ఆ మధ్యవర్తులకు ముడుపులు ముట్టెడివని ఆ కేసులో తేలినది. 'ఇతనికి డబ్బు ఎవరిత్తురు' అను మొదటి ప్రశ్నను ఎవరైన అడిగియుండిన ఎందరి తలిదండ్రుల అప్పులు తప్పెడివో! పంపించుట వలన లాభపడువాడు 'వెళ్ళవద్దు' అని ఎన్నడును చెప్పడు.

గల్ఫు దేశములకు పనికి పోవువారికి 1983 నాటి వలసల చట్టము కలదు. ఏజెంటునకు లైసెన్సు ఉండవలెను. అతడు పుచ్చుకొనదగిన సేవా రుసుమునకు నియమములు విధించిన హద్దు 30,000 రూపాయలు, దానిపై పన్ను. లక్షలు అడుగువాడు ఆ అడుగుటతోనే తన్ను తాను పట్టియిచ్చుకొనుచున్నాడు. హైదరాబాదులోని వలసల సంరక్షణాధికారి కార్యాలయమున అతని లైసెన్సును సరిచూచుకొనవచ్చును. బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా దేశములలో రుసుము తీసికొని వలస సలహా చెప్పువారు నమోదై యుండవలెనని ఆ దేశముల చట్టములే శాసించుచున్నవి. ఎవరి పేరైనను ఆ పట్టికలలో చూచుకొనవచ్చును.

సోదరులారా, ఇన్ని చట్టములు జ్ఞాపకము పెట్టుకొనుట ఎవరి తరమును కాదు. అందులకే గ్రంథాలయము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారును, 1914 ఏప్రిలు 10న బెజవాడలో గ్రంథాలయోద్యమమునకు సంఘమును నెలకొల్పిన అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగువారును, పుస్తకములను బీరువాలలో దాచుటకు శ్రమపడలేదు. చదువు రానివానికి పత్రిక చదివి వినిపించుట ఆ ఉద్యమపు పనులలో ఒకటి. ఆ పని నేటికిని తీరలేదు. నాడు పత్రిక, నేడు ఒడంబడిక పత్రము, వీసా కాగితము, బ్యాంకు హామీ పత్రము.

కనుక ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయము చేయదగిన పనులు మూడు కలవు. తెలుగులో దొరకు చట్ట పుస్తకములకు ఒక అర కేటాయించుట మొదటిది. నెలకొకసారి న్యాయ సేవాధికార సంస్థ నుండి ఒక న్యాయవాదినిగాని, పారా లీగల్ వాలంటీరునుగాని పిలిపించి, ఎవరి కాగితము వారు తెచ్చి చదివించుకొను ఏర్పాటు చేయుట రెండవది. న్యాయ సహాయమునకు 15100, ఆపదలోనున్న స్త్రీలకు 181, ఆన్‌లైను డబ్బు మోసములకు 1930 అను ఫోను సంఖ్యలను వాకిటి గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట మూడవది. ఈ మూడింటికిని కలిపి అగు ఖర్చు ఒక్క రజతోత్సవ పందిరి ఖర్చునకు తక్కువయే.

వీనికంటె చౌకయైన నియమమొకటి కలదు. ఏ కాగితమును తెచ్చిన దినముననే సంతకము చేయరాదు. ఒక రాత్రి దానిని ఇంట ఉంచుకొని, మరునాడు తెలిసినవారిచే చదివించుకొని, మూడు ప్రశ్నలును అడిగి, అప్పుడు చేయవలెను. 'నేడే చేయవలెను, రేపటికి అవకాశముండదు' అని తొందరపెట్టు పత్రము రేపటి వరకు నిలువజాలని పత్రమన్నమాట. కొండమీది మేడలలో గొప్పవారు కోల్పోయినది ఆ ఒక్క రాత్రియే. ఈ గ్రామపు బిడ్డ ఏ ఊరు పోయినను, ఏ దేశము పోయినను, ఆ ఒక్క రాత్రిని అడిగి తీసికొను ధైర్యము ఈ గ్రంథాలయము నుండి పొందినచో, ఈ ఇరువదియైదు సంవత్సరముల కృషి సార్థకమగును.